నర్సాపురం నుంచి కాకినాడకి చిన్న బోటులో: రాత్రుళ్లు ఎక్కడ లంగరు వేయాలి?

వశిష్ఠ_తీరం
నాది ఇరవై అడుగుల ఫైబర్ బోటు. 9.9 హార్స్‌పవర్ ఇంజను, అడుగు చదును, పైన టార్పాలిన్ గూడు. మూడేళ్లుగా ఎగువన సిద్ధాంతం దాకా, దిగువన అంతర్వేది దాకా గోదావరి వశిష్ఠ పాయలో తిరుగుతున్నాను. సంక్రాంతి వెళ్లాక నేనూ మా బావా కలిసి సముద్రం మీదుగా కాకినాడ వెళ్దామనుకుంటున్నాం. వేటకి కాదు, తిరగడానికే. మ్యాపులో కొలిస్తే అంతర్వేది నుంచి హోప్ ఐలాండ్ కొస దాకా సుమారు 110 కిలోమీటర్లు వస్తోంది.

అనుకున్నది ఇదీ. మొదటి రాత్రి ఓడలరేవు లోపల వైనతేయ పాయలో. రెండో రాత్రి భైరవపాలెం దగ్గర గౌతమి పాయలో. మూడో రోజు యానాం, అక్కడి నుంచి కోరంగి పాయల్లోంచి కాకినాడ.

రేవులో ఎవరిని అడిగినా "వద్దు" అంటున్నారు. ఎందుకు వద్దో మాత్రం ఒక్కరూ చెప్పరు. కారణం తెలిస్తే మానుకోవడమో జాగ్రత్త పడటమో చేస్తాను. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

లంక_రైతు
కారణం కావాలా? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిపోవడం గుర్తు లేదా? అది పెద్ద బోటు, నడిపేవాళ్లు అలవాటైనవాళ్లు. బోటుని లారీ ఎక్కించి యానాంలో దింపుకోండి. అక్కడి నుంచి లోపల ఎంత తిరిగినా ఎవరూ కాదనరు.

వశిష్ఠ_తీరం
కచ్చులూరుది వరద నీళ్లలో సుడి అండీ, పాపికొండల దారిలో. నేను వెళ్లేది వరద లేని రోజుల్లో. మీ మాట తీసెయ్యడం లేదు, కానీ రెండూ ఒకటి కావు కదా.

మొగ_మనిషి
తమ్ముడూ, నేను అంతర్వేది వైపు వాడిని. పదిహేనో ఏట నుంచి మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటుతున్నా, ఇప్పుడు నలభై దాటాయి. నీ పోస్టు చదివితే ఒకటి అర్థమైంది. నీకు సముద్రం అంటే భయం ఉంది, మొగ అంటే లేదు. నేను చూసినంతలో మా వైపు పోయిన బోట్లలో ఎక్కువ భాగం నడిసముద్రంలో పోలేదు, మొగలోనే పోయాయి. అదీ ఒడ్డున నిలబడ్డవాళ్లు చూస్తుండగా.

ఎందుకో చెప్తా. నది ఇసుక తెచ్చి సముద్రం ముందు పోస్తుంది. అక్కడ లోతు చటుక్కున తగ్గిపోతుంది. లోతు నీళ్లలో మెత్తగా ఊగుతూ వచ్చే కెరటం ఆ మేట మీదికి రాగానే లేచి నిలబడి విరుగుతుంది. దానికి తోడు ఆటు, అంటే నీళ్లు బయటికి లాగే వేళ అయితే ఎదురెదురుగా తోసుకుని కెరటం ఇంకా నిటారుగా, ఇంకా దగ్గర దగ్గరగా లేస్తుంది. బోటు ముక్కు ఒకదాని మీద ఉండగానే రెండోది వచ్చి మీద పడుతుంది. గంట క్రితం చెరువులా ఉన్న చోటే.

పైగా ఏ మొగలో దారి ఎటు ఉందో ఏటేటా మారుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద వచ్చిపోతుంది, ఇసుక కొత్తగా సర్దుకుంటుంది. పోయిన ఏడు దాటిన గుర్తులు ఈ ఏడు పనికిరావు. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూడు, నది నీళ్లూ సముద్రం నీళ్లూ ఎక్కడ కొట్టుకుంటున్నాయో కంటికే తెలుస్తుంది. పోటుకి ఒకసారి, ఆటుకి ఒకసారి, రెండు రోజులు కూర్చుని చూడు. తర్వాత మాట్లాడదాం.

డెక్_కేడెట్
అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్‌ని, మాది అమలాపురం. లెక్కల సంగతి నేను కలుపుతాను.

మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజూ ఓ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతూ ఉంటుంది. కాకినాడ టైడ్ టేబుల్ దొరుకుతుంది, మొగల దగ్గర కొంచెం తేడా ఉంటుంది, నది లోపలికి పోయేకొద్దీ ఇంకా ఆలస్యం. గాలి, కెరటాల ఎత్తు కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్ల సముద్ర సూచన రోజూ చూడండి. కెరటం ఎత్తు ఒక్కటే చూసి సంబరపడొద్దు, రెండు కెరటాల మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. ఎక్కువ సెకన్ల కెరటం ఎక్కడో దూరపు గాలికి పుట్టి వస్తుంది. ఇక్కడ గాలి లేకపోయినా మొగలో విరుగుతుంది.

అమావాస్య, పౌర్ణమి దగ్గర బయల్దేరొద్దు. అష్టమి, నవమి రోజుల్లో ఆటుపోట్ల తేడా తక్కువ, లాగుడూ తక్కువ.

మొగ_మనిషి
ఈ చివరి ముక్క దగ్గర నేను ఒప్పుకోను. అష్టమి పోటులో మేట మీద నీళ్లు సరిగ్గా ఎక్కవు. ఇంజను ఫ్యాను ఇసుకకి తగిలిందంటే బోటు అడ్డం తిరుగుతుంది. పెద్ద పోటు రోజునే, పోటు నిండి నీళ్లు నిలబడే ఆ పావుగంటలో దాటడం మా అలవాటు.

డెక్_కేడెట్
మీ బోట్లకి నీళ్లలో మునిగే భాగం ఎక్కువ అన్నా. ఈయనది చదును అడుగు, ఇంజను కాలు కలిపినా రెండున్నర అడుగులు ఉండదు. ఈయనకి లోతు కన్నా లాగుడే పెద్ద శత్రువు. ఆ పావుగంట తప్పితే 9.9 ఇంజను ఎదురీదలేదు.

మొగ_మనిషి
సరే, చిన్న బోటుకి ఆ మాట ఒప్పుకుంటా. మధ్యేమార్గం చెప్పనా? పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజో ఐదో రోజో.

యానాం_అమ్మాయి
నేను యానాంలో ఉంటాను. మా నాన్నకి నాటు పడవ ఉంది, పీతల వలలు వేస్తారు. రాత్రి లంగరు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెప్తున్నా.

భైరవపాలెం దగ్గర ప్రధాన పాయలో లంగరు వేయొద్దు. తెల్లవారుజామున మూడింటికే బోట్లు బయల్దేరతాయి, దీపం లేని చిన్న బోటు వాళ్లకి కనపడదు. పక్క పాయలోకి తిరిగి, ఒక వంపు దాటాక ఆగండి. మడ చెట్లు గాలిని ఆపేస్తాయి. బయట సముద్రం ఎంత హోరుపెడుతున్నా లోపల నీళ్లు అద్దంలా ఉంటాయి. హోరు వినపడుతుంది, బోటు మాత్రం కదలదు. ఆ నిద్ర ఎలా ఉంటుందో పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

పాయ సన్నగా ఉంటే ఒక్క లంగరు చాలదు. ఆటుపోట్లకి బోటు అటూ ఇటూ తిరిగి మడ వేళ్లలో దూరిపోతుంది. అణియానికి, అంటే ముందు కొసకి ఒకటి, అమరానికి, అంటే వెనక కొసకి ఒకటి కట్టండి. అడుగున ఒండ్రు మట్టి, లంగరు బాగా పట్టుకుంటుంది. పొద్దున పీకడమే కష్టం. మోకు, అంటే లంగరు తాడు, లోతుకి ఐదు రెట్లన్నా వదలాలి.

తెల్లారేసరికి నీళ్లు తీసి బోటు బురద మీద కూర్చుంటే కంగారు పడకండి. పోటు వచ్చేదాకా టీ కాచుకోండి. బురదలోకి మాత్రం దిగొద్దు, నడుము దాకా దిగిపోతారు.

కాకినాడ_కెరటం
అనుమతి సంగతి మర్చిపోయారమ్మా. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు. ఆ పాయల్లో రాత్రి ఉండాలంటే అటవీ శాఖ వాళ్లని ముందే అడిగి కాగితం తీసుకోవాలి. హోప్ ఐలాండ్ ఇసుక మీద ఈ కాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. రాత్రి పూట అక్కడ టార్చిలు వేసుకుని తిరగడం, మంటలు వేయడం దయచేసి ఎవరూ చేయకండి.

యానాం_అమ్మాయి
అవునండీ, అనుమతి తప్పనిసరి. దోమతెర కూడా తప్పనిసరి అని రాసుకోండి. మా అన్నయ్య స్నేహితుడు హైదరాబాద్ నుంచి వచ్చి, తెర వద్దని పడుకుని, అర్ధరాత్రి సముద్రంలోకైనా పోదాం పద అన్నాడు.

పాత_సరంగు
నేను లాంచీ సరంగుగా పని చేసి మానేశాను. డెబ్బై ఏడేళ్లు. మా మనవడు ఫోనులో టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నా.

ఈ ప్రశ్న మా రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. నర్సాపురం నుంచి కాకినాడ పోవాలంటే సముద్రంతో పనేముంది? కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించినప్పుడు తవ్విన కాలువలు సాగుకే కాదు, పడవలకీ. నర్సాపురం కాలువలో ఎగువకి, ధవళేశ్వరం దగ్గర లాకులు దాటి గోదావరి అడ్డంగా అవతలికి, అక్కడి నుంచి కాకినాడ కాలువలో దిగువకి. ధాన్యం, కొబ్బరికాయలు, బెల్లం, అన్నీ అలాగే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే మనుషులు గట్టు మీద తాడు పట్టుకుని లాగేవారు. లాకు లోపలికి పడవ వెళ్లాక వెనక తలుపు మూసి నీళ్లు నింపుతుంటే పడవ దానంతటదే పైకి లేచేది. చిన్నప్పుడు అది చూడటానికే లాకుల దగ్గర కూర్చునేవాళ్లం.

ఇప్పుడు ఆ దారి లేదు. వంతెనలు కిందికి కట్టేశారు, గుర్రపుడెక్క పట్టేసింది. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటిస్తే నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను.

అబ్బాయికి ఒకటే చెప్తా. గౌతమి మొగ ముందు ఒడ్డు వెంట పోవద్దు. అక్కడ ఇసుక సముద్రంలోకి చాలా దూరం పోయి ఉంటుంది. శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక 1867 జూన్‌లో అక్కడే మేటలో ఇరుక్కుని పగిలిపోయింది. అందులో మనుషులందరూ బతికి బయటపడ్డారు. ఆ మేటకి ఇప్పటికీ ఆ ఓడ పేరే. అంత ఓడకి తప్పలేదు.

తాళ్లరేవు_వడ్రంగి
సరంగు గారూ, ఆ ఓడ కథ మా తాత చెప్పేవాడు. మాది పడవలు కట్టే ఇల్లు. కోరంగిలో ఓడలు కట్టిన కాలం నుంచీ ఇదే పని. రంగూన్ ఓడలు ఎక్కి మనవాళ్లు ఎంతమంది పోయారంటే, బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు తుపాను ఉప్పెనకి ఆ రేవే ఊడ్చుకుపోయింది.

బోటు సంగతికి వద్దాం. చదును అడుగు బోటు నదికి బంగారం. సముద్రంలో ముందు కెరటానికి దబదబా కొట్టుకుంటుంది, అతుకులు వదులవుతాయి. అంతకన్నా ముఖ్యం అమరం. ఇంజను బిగించడానికి వెనక పలకని కిందికి కోసి ఉంటారు. వెనక నుంచి కెరటం వస్తే ఆ సందులోంచి నీళ్లు నేరుగా లోపలికి. పలక ముందు అడ్డంగా ఇంకో చెక్క, అడుగు ఎత్తున, రెండు పక్కలా మూసి కట్టించుకోండి. వచ్చిన నీళ్లు అక్కడే ఆగి మళ్లీ బయటికి పోతాయి. బల్లల కింద థర్మోకోల్ బిగించి ఉందా? బోటు నిండినా మునగకూడదు.

వశిష్ఠ_తీరం
థర్మోకోల్ ముందు బల్ల కింద ఒక్కటే ఉంది. వెనక చెక్క లేదు. రెండూ చేయిస్తాను. లైఫ్ జాకెట్లు నాలుగు ఉన్నాయి, పోయిన ఏడాది కొన్నవి.

కాకినాడ_కెరటం
ఆ జాకెట్లు వేసుకుని ఒకసారి మెడ లోతు నీళ్లలో తేలి చూడండి. నేను ఒక దుకాణంలో కొన్నవి పది నిమిషాలకి నీళ్లు పీల్చేశాయి. లోపల ఉన్నది పరుపులో వేసే స్పాంజి.

వశిష్ఠ_తీరం
చూశాను. నాలుగింటిలో రెండు మునిగాయి. ఈ మాట చెప్పినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

డెక్_కేడెట్
రాత్రి కూర్చుని మీ ప్లాను లెక్క వేశాను. పెద్ద చిక్కు ఒకటి కనిపించింది. మొగ_మనిషి అన్న కూడా చూడాలి.

అంతర్వేది మొగ నుంచి గౌతమి మొగకి దాదాపు 70 కిలోమీటర్లు. గంటకి 12 చొప్పున ఆరు గంటలు. ఉదయం ఐదింటికి నిండు పోటులో అంతర్వేది దాటారనుకోండి, పదకొండింటికి గౌతమి చేరతారు. అప్పటికి అక్కడ సరిగ్గా పూర్తి ఆటు! ఒక మొగకి మంచి వేళ అయితే రెండోదానికి చెడ్డ వేళ. పోటు కోసం బయట లంగరు వేసి సాయంత్రం దాకా ఆగాలంటే మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది.

మొగ_మనిషి
లెక్క సరిపోయింది. మరి మధ్యలో వైనతేయ మొగని నమ్ముకుంటాడా అంటే, అది మూడింటిలోకీ చిన్నది. మాకే చాలాసార్లు దారి దొరకదు. దాన్ని మజిలీగా పెట్టుకోవద్దు. దొరికితే అదృష్టం.

కాకినాడ_కెరటం
ఇంత ఆలోచిస్తున్నారు, అసలు గౌతమి మొగలో దూరడం ఎందుకు? కాకినాడకి మొగ లేదు కదా!

హోప్ ఐలాండ్ అంటే పదహారు కిలోమీటర్ల ఇసుక నాలుక. గౌతమి తెచ్చిన ఇసుకతో రెండు వందల ఏళ్లలో పెరిగింది. ఉత్తరపు కొస చుట్టి లోపలికి తిరిగితే ఓడలు వచ్చే లోతు. మేట లేదు, విరిగే కెరటం లేదు, ఆటయినా పోటయినా ఒకటే. అంతర్వేది నుంచి ఏకబిగిన తొమ్మిది, పది గంటలు. మధ్యాహ్నం గాలి లేచినా దక్షిణం నుంచి, అంటే వెనక నుంచే. కొస తిరిగారా, ఇసుక చాటున బోటు ఊయల కూడా ఊగదు. మర్నాటి నుంచి తీరిగ్గా కోరంగి పాయల్లోంచి యానాం వెళ్లండి. మీ ప్లానునే తిరగేయండి.

మొగ_మనిషి
ఇది నాకు తట్టలేదు. మేం కాకినాడ ఎప్పుడూ పోం కదా. ఒకే మొగ, అదీ బయటికి. మంచి ఆలోచన.

లంక_రైతు
పది గంటలు ఒకే ఇంజను మీద. ఆగిపోతే?

డెక్_కేడెట్
అది సరైన ప్రశ్న. రెండు మార్గాలు: చిన్న రెండో ఇంజను, లేకపోతే లంగరు మోకు వంద మీటర్లు. మన ఒడ్డు పక్కన లోతు తక్కువ కాబట్టి ఆగి పిలిచే వీలుంటుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554. చేతి వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే 16వ ఛానల్. సముద్రంలో గ్యాస్ ప్లాట్‌ఫారాలకి 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. మెరైన్ పోలీసులకి ముందే పేర్లు, ఫోన్లు ఇచ్చి వెళ్లండి.

ఇంకో మాట, జనవరి కాకుండా ఫిబ్రవరి చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు వెంట నీటి ప్రవాహం దక్షిణానికి. ఫిబ్రవరికి ఉత్తరానికి తిరుగుతుంది. మీకు కలిసొస్తుంది.

యానాం_అమ్మాయి
లంక_రైతు గారు అడిగినందుకు నాకు కోపం లేదు. మా ఇంట్లో ఆయన మాట ఎప్పుడూ ఉంటుంది. 1996 నవంబరు 6 తుపానుకి మా పెదనాన్న బోటు తిరిగి రాలేదు. అప్పుడు రేడియో లేదు, ఫోను లేదు, వెనక్కి రమ్మని చెప్పే దారే లేదు. మా నాన్న ఆ రోజు జ్వరం వచ్చి ఆగిపోయారు. పెద్దమ్మ ఇప్పటికీ కార్తీకంలో గాలి తిరిగితే గుమ్మంలో కూర్చుంటుంది. వెళ్లండి, కానీ గంట గంటకీ ఎవరో ఒకరికి ఎక్కడున్నారో చెప్పండి.

లంక_రైతు
అమ్మా, అందుకే చెప్పాను. మీ పెద్దమ్మ గారికి నా నమస్కారం చెప్పండి.

వశిష్ఠ_తీరం
ఫిబ్రవరికి మార్చాను. వెనక చెక్క కట్టించాను, థర్మోకోల్ మూడు బల్లల కిందా బిగించాను. కొత్త జాకెట్లు, పెట్రోలు మూడు ఇరవై లీటర్ల క్యాన్లు, తెడ్లు, మా బావ చిన్నాన్న దగ్గర అప్పు తెచ్చిన చిన్న ఇంజను. ఒడ్డున చెప్పే మనిషిగా మా అక్క.

వశిష్ఠ_తీరం
వెళ్లి వచ్చాం. రెండు వారాలైంది, ఇప్పటికి రాయగలుగుతున్నా.

అంతర్వేదిలో రెండు పొద్దులు ఆగిపోయాం. మొదటి రోజు గాలి లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, అయినా మొగ నిండా తెల్లగా విరుగుతోంది. ఎక్కడి నుంచో వచ్చిన కెరటం. కేడెట్ గారు సెకన్ల గురించి చెప్పకపోతే ఆ రోజే దిగేవాళ్లం. రెండో రోజు కొంచెం తగ్గింది. మా బావ పోదామన్నాడు. రేవులో బోట్లు ఏవీ కదల్లేదు, మేమూ కదల్లేదు. మూడో రోజు తెల్లవారుజామున ఐదు బోట్లు వరసగా బయల్దేరాయి. నాలుగోదాని వెనక మేము. ఐదూ పదికి దాటాం. ఎడమ పక్కన విరుగుతున్న చప్పుడు, చీకట్లో తెల్లగా, మా కింద నీళ్లు మాత్రం మెత్తగా. నాలుగు నిమిషాలు పట్టిందేమో. అంతసేపూ నేను ఊపిరి తీసుకున్నట్టు గుర్తు లేదు.

పన్నెండింటి దాకా సముద్రం కాలువలా ఉంది. ఓడలరేవు ముందు నుంచి పోతుంటే వైనతేయ మొగకి అడ్డంగా ఆ చివరి నుంచి ఈ చివరికి తెల్లని గీత. దానిలో మజిలీ అని రాసుకున్నవాణ్ణి నేనే. గౌతమి ముందు చాలా దూరంగా చుట్టాం, అయినా నీళ్లు అక్కడ మట్టి రంగే.

పన్నెండున్నరకి గాలి లేచింది. తర్వాత మూడు గంటలు కష్టపడ్డాం. వెనక కెరటం రెండుసార్లు అమరం మీదికి ఎక్కింది. వడ్రంగి గారూ, మీ చెక్క దగ్గర ఆగి బయటికి పోయింది. లోపలికి వచ్చింది రెండు చెంబుల నీళ్లు. బావకి వాంతులు, అయినా పెట్రోలు క్యాను మార్చడం ఆయనే చేశాడు. నాలుగింటికి ముందే హోప్ ఐలాండ్ కొస తిరిగాం. కెరటం తలుపు వేసినట్టు ఆగిపోయింది. ఇంజను ఆపాక చెవుల్లో చప్పుడు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అక్కకి ఫోను చేస్తే ఎత్తి ఏమీ మాట్లాడలేదు, ఏడుస్తోంది.

మర్నాడు కాగితం తీసుకుని పాయల్లోకి వెళ్లాం. రెండు రాత్రులు. మొదటి రాత్రి రెండు లంగర్లూ వేసి, పోటుకి బోటు లేవడం, ఆటుకి దిగడం పడుకునే లెక్కపెట్టుకున్నా. తెల్లారి బురద మీద కూర్చున్నాం, టీ కాచుకున్నాం. అవతలి గట్టున బావురు పిల్లి ఒకటి నీళ్ల అంచున కూర్చుని చేప కోసం చూస్తోంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

తాళ్లరేవు_వడ్రంగి
చెక్క పని చేసిందన్నమాట. ఆ అతుకులు ఇప్పుడు ఒకసారి చూపించండి, పగుళ్లు పైకి కనపడవు.

పాత_సరంగు
రెండు పొద్దులు ఆగావు చూడు. మనవడు చదివి వినిపిస్తే ఆ ముక్క రెండోసారి చదవమన్నాను.

యానాం_అమ్మాయి
మా ఊరు వచ్చి ఇంటికి రాకుండా వెళ్లిపోయారు. అమ్మ పీతల పులుసు చేసి ఉంచింది.

వశిష్ఠ_తీరం
యానాంలో లారీ ఎదురుచూస్తోందమ్మా. ఈసారి తప్పకుండా. తిరుగు ప్రయాణం లంక_రైతు గారు చెప్పినట్టే, రోడ్డు మీద.

లంక_రైతు
అదే మంచిది. బావగారు ఎలా ఉన్నారు?

వశిష్ఠ_తీరం
బాగున్నాడు. చిన్న ఇంజను ఇంకా వాళ్ల చిన్నాన్నకి తిరిగి ఇవ్వలేదు.

మొగ_మనిషి
వైనతేయ ముందు ఆ తెల్ల గీత ఒడ్డుకి ఎంత దూరంలో చూశావు? టైము ఎంత? ఈ ఏడు మేట ఎటు పెరిగిందో మా కుర్రాళ్లకి చెప్పాలి.

వశిష్ఠ_తీరం
ఏడున్నరకి అన్నా, ఆటు సగంలో ఉండగా. దూరం ఫోనులో జీపీఎస్ గీత చూసి రాత్రికి పెడతా. తూర్పు వైపు రెండు బోట్లు పట్టేంత సందు నల్లగా కనిపించింది, అది కూడా గుర్తు పెట్టి పంపుతా.